వారానికో అధ్యాయం

వారం వారం విప్పుకునే సువార్తా, నీకు వందనం. మత్తయిలో 28, మార్కులో 16, లూకాలో 24, యోహానులో 21, మొత్తం 89 అధ్యాయాలు. వారానికొకటి చదివితే రెండేళ్లు నిండకముందే నలుగురూ అయిపోతారు. అయినా కోనసీమలో నిన్ను చదివేశామని అన్నవాళ్లు లేరు. యోహాను చివర ఒడ్డున నిప్పుల మీద చేపలు కాలాక, మళ్లీ మత్తయి మొదట్లోని ఆ పొడవాటి వంశావళికి వస్తారు. దాళ్వాలో వంతు నీరు వచ్చినట్టు వస్తావు నువ్వు. గట్టు తెంచుకుని ఒక్కసారిగా పడ్డ నీరు చేనును ముంచుతుంది. వంతు ప్రకారం బోదెలోకి దిగిన నీరే వేళ్లను తడుపుతుంది.

అమలాపురం వీధి మందిరంలో, రాజోలు దారిలోని రేకుల షెడ్డులో, కొత్తపేట అవతల ఒక ఇంటి అరుగు మీద నువ్వు తెరుచుకుంటావు. కొబ్బరి దింపుకు ఎక్కి ఎక్కి కాయలు కాచిన అరచేతులు నీ పుట తిప్పుతాయి. సండే స్కూలు పిల్లలు పోటీలు పడి వాక్యం ఒప్పజెబుతారు. అక్షరం రాని మామ్మ, చదివేవాడు ఒక మాట వదిలేస్తే వెంటనే అందిస్తుంది. ఆమెకు నువ్వు చెవిలోంచి వచ్చావు, ఏళ్ల తరబడి, ఆదివారం తర్వాత ఆదివారం.

ఇక్కడిదాకా నువ్వు చాలా దూరం నడిచావు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు కలిసి తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయల్దేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్‌కు పాదు వేశారు. నర్సాపురం రేవులో నిలబడితే ఎదుటి ఒడ్డు కోనసీమలోని సఖినేటిపల్లి; మధ్యలో ఉన్నది వశిష్ఠ ఒక్కటే. బౌడెన్, బీర్‌లది బ్రదరన్ పద్ధతి. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. వాక్యం విప్పడానికి పాదిరి పట్టా అక్కర్లేదు, సంఘంలోని సహోదరులే లేచి చెబుతారు. ఆ పద్ధతిని నేను ప్రేమిస్తాను. ఆరు రోజులు కూలికెళ్లినవాడు ఏడో రోజు లేచి నిలబడి ఒక పుస్తకానికి అర్థం చెప్పడం ఈ నేల మీద చిన్న సంగతి కాదు. గ్లోస్టర్ పట్టణంలో 1780లో రాబర్ట్ రైక్స్ ఆదివారం బడి మొదలుపెట్టింది కూడా ఆరు రోజులూ పనిచేసే పిల్లలకు చదువు చెప్పడానికే.

యోహాను నాలుగో అధ్యాయం వంతు వచ్చిన వారం కూడిక ఎంతసేపైనా లేవదు. మిట్టమధ్యాహ్నం, బావి, ఒంటరిగా నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీ. అలసి కూర్చున్న యూదుడు, యేసు, ఆమెను దాహం అడుగుతాడు. మీరు మమ్మల్ని కలుపుకోరే, నన్నెలా అడుగుతున్నావని ఆమె నిలదీస్తుంది. పండితులు ఈ అధ్యాయంలో ఆత్మ గురించీ ఆరాధన గురించీ చెబుతారు, అదంతా అవసరమే. దళిత పేటలో మాత్రం ముందు కడవ దగ్గర ఆగుతారు. ఊరి చెరువుకు దూరంగా నిలబడి, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టిన తరాలు వీళ్ల వెనక ఉన్నాయి. బావి లోతు, ఆయన దగ్గర చేద లేదు. తాగాలంటే ఆమె చేదతో తోడాలి, ఆమె పోయాలి. దోసిలి పట్టవలసినవాడు ఆయన. ఇన్నాళ్లూ ఎవరు అడగాలో, ఎవరు పొయ్యాలో లోకం రాసుకున్న లెక్క ఆ గట్టు మీద తిరగబడింది. ఇంతకీ ఆయన ఆ నీళ్లు తాగాడో లేదో యోహాను రాయలేదు. తాగే ఉంటాడు, అంటారు స్త్రీల కూడికలో, ఇంకో మాటకు వీల్లేకుండా. నేనూ ఆ పక్షమే.

మత్తయి ఇరవైకి వస్తే గొడవే. తెల్లారి పనికి దిగినవాడికీ, పొద్దుగూకే ముందు దిగినవాడికీ ద్రాక్షతోట యజమాని ఒకే కూలి ఇస్తాడు. ఊడుపుల్లో నడుము వంచినవాళ్లు దీన్ని ఊరికే ఒప్పుకోరు. పొద్దుటినుంచీ ఎండలో మాడినవాళ్ల మాటలో న్యాయం లేదా అంటారు. ఉంది. ఆ మాట గట్టిగా అనిపించుకోవడం నీకు ఇష్టమేననుకుంటాను. అంతలో వెనక వరుసలోంచి ఎవరో, సాయంత్రందాకా సెంటర్లో నిలబడ్డవాడి గురించి మాట్లాడతారు. వాడు బద్ధకస్తుడు కాడు, వాడిని ఎవరూ పిలవలేదు. ఇంట్లో బియ్యం డబ్బా మాత్రం పూర్తి రోజు కూలే అడుగుతుంది. అది తెలిసినవాళ్లు చెబితేనే ఆ యజమాని మనసు తెలుస్తుంది.

మార్కు నాలుగులో తుఫాను లేస్తుంది. దోనె వెనక భాగంలో యేసు తల కింద తలగడ పెట్టుకుని నిద్రపోయాడు. ఆ తలగడను చూసి రాసింది మార్కు ఒక్కడే. ఆయన లేచి గద్దించగానే గాలి ఆగింది. 1996 నవంబరు 6న ఈ తీరం మీద పడ్డ గాలి ఆగలేదు. వేటకెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. ఓడలరేవు వైపు, అంతర్వేది వైపు ఆ అధ్యాయం చదివేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టే కూడికను నేను నమ్మను. మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని ఆ దోనెలో శిష్యులే అడిగారు. సువార్తా, ఆ ప్రశ్నను చెరిపెయ్యకుండా ఉంచినందుకు నిన్ను కొనియాడతాను. మనకు నచ్చిన ఒక్క వాక్యం ఏరుకుని గోడకు తగిలించుకుంటే ఆ ప్రశ్న కనబడదు. వరసగా చదివితే దాన్ని తప్పించుకుపోలేం.

వరసగా చదివినవాళ్లకే శుభ శుక్రవారం నాటి ఏడు మాటలు ఏ ఇంటివో తెలుస్తాయి. మూడు లూకావి, మూడు యోహానువి, చెయ్యి విడిచిన దేవుణ్ణి పిలిచిన ఆ ఒక్క కేక మత్తయి, మార్కులది. ఒక్కరే చెప్పి ఉంటే సిలువ దగ్గర మనం వినగలిగింది ఎంత తక్కువో.

నజరేతులో ఆయన కూడా వారం వారం వెళ్లినవాడే. విశ్రాంతిదినాన సమాజమందిరానికి పోవడం ఆయనకు అలవాటని లూకా రాశాడు. యెషయా గ్రంథం చేతికిచ్చారు, నిలబడి చదివాడు, చుట్టి తిరిగి ఇచ్చి కూర్చున్నాడు. బీదలకు మంచి వార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల, అదీ ఆ వారం పాఠం. అది ఇవాళే నెరవేరిందన్నాడు. మొదట మెచ్చుకున్న ఊరే కాసేపటికి కొండకొమ్ము దాకా తరిమింది. నిన్ను చదవడం ఆనాటినుంచీ ధైర్యం కావలసిన పని.

రాజోలు, మలికిపురం వైపు ఇళ్లనుంచి ఆడవాళ్లు కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనులకు వెళ్లారు. అక్కడ సెలవు శుక్రవారం, కాబట్టి నీ దినం కూడా శుక్రవారానికి జరిగింది. ఫోన్లో పంపిన డబ్బు లెక్కా, చెల్లి జ్వరం సంగతీ అయ్యాక తల్లి అడుగుతుంది, ఈ వారం ఏం చదివార్రా అని. లూకా పదిహేను, అంటాడు కొడుకు, దూరదేశం వెళ్లినవాడి కథ. మేమింకా పదమూడులోనే ఉన్నాం, అంటుంది ఆమె. మేం అక్కడికి వచ్చేసరికి, తండ్రి ఎదురు పరిగెత్తాడని అయ్యగారు ఏం చెప్పారో మర్చిపోకు, నాకు చెప్పాలి.