సున్నాకూ ఒకటికీ మధ్య

ప్రోగ్రాములు రాసేవాళ్లం మా తప్పుల్ని మేం వెతుక్కోవడం నేర్చుకుంటాం. హద్దు దాటిన అర్రేలు, ఖాళీ పాయింటర్లు, విడిపించడం మరిచిన మెమరీ. రాసింది సరిగ్గా ఉంటే ప్రాసెసర్ దాన్ని ఉన్నదున్నట్టు నడుపుతుందన్న నమ్మకం జోలికి మాత్రం పోం. ఫాల్ట్ దాడి చేసేవాడికి ఆ నమ్మకమే ఆసరా. చిప్‌కు అందే వోల్టేజీని లిప్తపాటు పడగొడతాడు, లేదా క్లాక్‌ను తడబడేలా చేస్తాడు. చిప్ ఒక ఇన్‌స్ట్రక్షన్‌ను దాటేస్తుంది, ఒక విలువను తప్పుగా చదువుతుంది. కోడ్‌లో బగ్ లేకుండానే తలుపు తెరుచుకుంటుంది.

ఎక్స్‌బాక్స్ 360కి జరిగింది అదే. బూట్ అయ్యేటప్పుడు తర్వాతి దశ కోడ్ అసలుదేనా అని ఆ మెషిన్ హ్యాష్‌ను పోల్చి చూసుకునేది. 2011లో హ్యాకర్లు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి, సరిగ్గా ఆ పోలిక జరిగే వేళకు రీసెట్ తీగ మీద అతి చిన్న పల్స్ పంపారు. మెషిన్ రీసెట్ కాలేదు. పోల్చే ఫంక్షన్ మాత్రం తేడా లేదని జవాబిచ్చింది. సీ భాషలో ఆ జవాబు సున్నా. చెదిరిన రిజిస్టర్‌లో సున్నా మిగలడం వింతేమీ కాదు కనుక, సున్నాకు 'సరే' అన్న అర్థం ఇవ్వడం నాకెప్పుడూ భయమే.

చిప్ చేతికి చిక్కితేనే ముప్పు అనుకోవడానికీ లేదు. 2014లో వెలుగులోకి వచ్చిన రోహ్యామర్‌లో, మెమరీలోని ఒక వరుసను పదేపదే తెరిస్తే పక్క వరుసలో బిట్లు తిరగబడతాయి. దానికి మామూలు ప్రోగ్రామ్ చాలు. లైనక్స్‌లో సర్వాధికారాలు అప్పగించే సుడో కమాండ్‌లో పాస్‌వర్డ్ సరిపోతే 0, లేకపోతే 1 అని ఉండేది. రెంటి మధ్య దూరం ఒక్క బిట్. వోర్సెస్టర్ పాలిటెక్నిక్ పరిశోధకులు ఈ బలహీనతను చూపాక, 2023లో వచ్చిన 1.9.15 వెర్షన్‌లో వాటి చోట పొడవాటి సంఖ్యలు చేరాయి. ఇప్పుడు 'కాదు' అన్నది 'సరే'గా మారాలంటే 28 బిట్లు తిరగబడాలి. నడిచేటప్పుడు అదనపు భారం దాదాపు లేదు. ఈ వృత్తిలో ఇంత అందమైన మార్పు నేను చూడలేదు.

క్రిప్టోగ్రఫీలో ఈ పాఠం ఇంకా పాతది. ఆర్‌ఎస్‌ఏ సంతకాన్ని వేగం కోసం రెండు భాగాలుగా లెక్కించేటప్పుడు ఒక భాగంలో పొరపాటు దొర్లితే, ఆ ఒక్క తప్పుడు సంతకం నుంచే రహస్య కీని రాబట్టవచ్చని 1997 నాటికే రుజువైంది. విరుగుడు సులువే: బయటికి పంపేముందు పబ్లిక్ కీతో మనమే సరిచూసుకోవాలి.

కీలకమైన ప్రశ్నను రెండుసార్లు అడగడం మరో రక్షణ. బస్తాను అదే కాటా మీద మళ్లీ తూస్తే కాటాలోని దోషం బయటపడదు. అందుకే రెండోసారి విలువలోని బిట్లను తలకిందులు చేసి, మధ్యలో ఊహకందని ఆలస్యం పెట్టి పోలుస్తాం. అక్కడ కంపైలర్ అడ్డు తగులుతుంది. తేలిపోయిన విషయాన్ని మళ్లీ అడగడం దానికి వృథా, రెండో పరీక్షను చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. సోర్స్‌లో కనిపించే రక్షణ చిప్‌లోకి చేరదు. వోలటైల్ అని రాస్తే కొంత మేలు. జీసీసీ 12 నుంచి పోలికల్ని గట్టిపరిచే ఆప్షన్లూ ఉన్నాయి. అయినా అసెంబ్లీ చదవకుండా రిలీజ్‌కు నేను ఒప్పుకోను.

ఇవేవీ దాడిని అసాధ్యం చేయవు. ఒక్క దెబ్బతో పనయ్యే చోట, గురి తప్పని రెండు మూడు దెబ్బలు అవసరమయ్యేలా చేస్తాయి. తాళాలకూ, మీటర్లకూ, కార్డు మెషిన్లకూ ఫర్మ్‌వేర్ రాస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒకటే. మీ కోడ్‌లో 'సరే' అని చెప్పే చోటు వెతకండి. దాని అసెంబ్లీని ఈ వారమే తెరిచి చూడండి.