‘సాంస్కృతికంగా’ అని రాసే ముందు

పత్రిక డెస్కులో ఇంగ్లీషు కాపీని తెలుగు చేసేవాళ్లకు ‘కల్చరల్లీ’ రోజూ తగిలే మాటే. ‘సాంస్కృతికంగా’ అని రాసేసి ముందుకు పోతాం. తప్పని ఎవరూ అనరు. అయినా కొత్తగా చేరిన పిల్లలకు ఆ మాట దగ్గర కాసేపు ఆగమనే చెబుతాను.

‘చెంచులు నల్లమలతో సాంస్కృతికంగా ముడిపడి ఉన్నారు’ అని రాశామనుకోండి. చదివినవాడికి ఏం తెలిసింది? అదే నల్లమలలోని అహోబిలం సంగతి రాస్తే? చెంచులక్ష్మి తమ ఆడపడుచు కాబట్టి నరసింహస్వామి చెంచులకు ఇంటల్లుడు. కనుమనాడు స్వామి పారువేటకు కదిలేటప్పుడు చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. తన పెళ్లికి రమ్మని పిలవడానికి స్వామి దాదాపు 40 రోజులు ఊరూరా తిరుగుతాడు. ఆ అడవికీ ఆ మనుషులకూ ఉన్న చుట్టరికం ఇందులో ఉంది. ఇంత రాయడానికి చోటు లేకపోతే బాణాల ముక్క ఒక్కటి రాసినా చాలు.

అలాగని ఆ మాటను వెలివేయమనను. హద్దు గీయాల్సిన చోట దానికి సాటి లేదు. దేవుణ్ణి నమ్మని బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ తాను సాంస్కృతికంగా క్రైస్తవుణ్ణేనని చెప్పుకున్నాడు. విశ్వాసం లేదు గానీ క్రిస్మస్ పాటలు, చర్చీలు తనవేనని ఆయన ఉద్దేశం. మన దగ్గర ‘భాష ఒకటే, సాంస్కృతికంగా వేరు’ అన్న తెలంగాణ వాదనలోనూ ఆ మాట ఇదే పని చేసింది. 2014లో రాష్ట్రం వచ్చిన వెంటనే బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. ఆ మాట వెనక ఏముందో అడిగినవాళ్లకు చూపించడానికి తంగేడు పూలు, ఘటాలు ఉన్నాయి.

చిక్కంతా చూపించడానికి ఏమీ లేనప్పుడే. క్రోబర్, క్లక్‌హాన్ అనే ఇద్దరు అమెరికా మానవశాస్త్రవేత్తలు 1952లో సంస్కృతికి 164 నిర్వచనాలు పోగేశారు. అంత వదులైన మాట కాబట్టే అందులో ఏదైనా పట్టేస్తుంది, అన్యాయంతో సహా. ‘ఆ కుటుంబాలకు సాంస్కృతికంగా చదువు మీద ఆసక్తి తక్కువ’ లాంటి వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వలసపోయే తల్లిదండ్రులు, ఊళ్లో చూసుకునేవాళ్లు లేక పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. బడి నడిచే నెలల్లో ఆ పిల్లలు ఇంకెక్కడో, కట్టే బిల్డింగు పక్క గుడిసెలో ఉంటారు. దీన్ని సంస్కృతి అనేస్తే కూలి గిట్టని సేద్యం, అప్పు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అన్నీ వాక్యంలోంచి మాయమై, నేరం ఆ తల్లిదండ్రుల మీద పడుతుంది.

అలాంటి కాపీ వస్తే నేను మాట మార్చి సరిపెట్టను. ఊరి రిపోర్టరుకు ఫోన్ చేసి, పిల్లలు ఏ నెలలో వెళ్లారో, ఎవరితో వెళ్లారో అడుగుతాను.