ఓడకెక్కిన సదఖా : ఒక విమర్శ

పరదేశాలలో ఆకలికీ, చలికీ, యుద్ధానికీ గురియైన సోదరులకు చేతనైన సహాయం పంపాలన్న కోరిక విశ్వాసి హృదయంలో సహజంగానే పుడుతుంది. దానిని నిరుత్సాహపరచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే కోరిక ఎంత పవిత్రమైనదైనా, అది నెరవేరే మార్గాన్ని పరీక్షించి చూసుకోవలసిన బాధ్యత కూడ విశ్వాసిదే. సంకల్పం మంచిదయినంత మాత్రాన పని మంచిదై తీరుతుందన్న భ్రమ మన సమాజంలో బాగా పాతుకుపోయింది. ఆ భ్రమనే ఇక్కడ విమర్శకు పెడుతున్నాము.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని కొంగరకలాన్ ఒకప్పుడు సాధారణమైన పల్లె. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరేటు అక్కడికి వచ్చింది. 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ కంపెనీవారి ఎలక్ట్రానిక్స్ కర్మాగారానికి అక్కడే శంకుస్థాపన జరిగింది. ఆ పరిసరాలలోని మిత్రులు కొందరు ఒకసారి పాత బట్టలు, దుప్పట్లు, మందులు పోగుచేసి మూటలు కట్టారు. వాటిని కష్టాలలో ఉన్న ఒక పరదేశానికి ఓడమీద పంపాలని వారి తలంపు. కాని ఎగుమతి ఏజెంటు కిరాయి లెక్క చెప్పగానే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. మూటల విలువకంటె వాటి ప్రయాణం ఖర్చే ఎక్కువ తేలింది. అప్పుడు ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఆలోచించదగినది: “ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు చేసే కర్మాగారం మన ఊళ్ళోకే వచ్చింది. వాళ్ళ పెట్టెలు సముద్రం దాటుతాయి గాని మన మూటలు దాటవెందుకు?”

దీనికి జవాబు సులభమే. వర్తకుని పెట్టెకు అవతలి ఒడ్డున ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు. అది కావాలని కోరినవాడు అతడే, కొలతలు చెప్పినవాడు అతడే, సుంకం కట్టి విడిపించుకొనేవాడూ అతడే. మన మూటకు అట్టివాడు లేడు. ఏమి కావాలని అవతలివానిని మనం అడగనే లేదు. మన ఇంట్లో ఏది మిగిలిందో అది పంపబూనుకున్నాము. లోపమంతా ఇక్కడే ఉన్నది.

ఈ విషయంలో మనకు పూర్వులు చూపిన దారి లేకపోలేదు. దైవప్రవక్త (స) ముఆజ్ బిన్ జబల్ (రజి) గారిని యమన్‌కు పంపినప్పుడు, అక్కడి ధనికులనుంచి జకాత్ తీసుకొని అక్కడి పేదలకే పంచవలసినదిగా ఆదేశించారు. సహాయం మొదట ఇరుగుపొరుగుకు చెందాలన్న సూత్రానికి ఇదే మూలం. అయితే అదే ముఆజ్ (రజి) గారిని గురించి మరొక ఉల్లేఖనం కూడ ఉన్నది. యవలు, జొన్నల వంటి ధాన్యానికి బదులు యమన్ నేతబట్టలను జకాత్‌గా ఇవ్వమని ఆయన ప్రజలను కోరారు. అందుకు ఆయన రెండు కారణాలు చెప్పారు. ఒకటి, అది ఇచ్చేవారికి తేలిక. రెండు, మదీనాలో ఉన్న ప్రవక్త సహచరులకు అది ఎక్కువ మేలు. దూరదేశానికి సహాయం పంపడంలో ఇంతకు మించిన కొలబద్ద నాకు కనిపించదు. బరువైన ధాన్యాన్ని ఎడారిదారిలో మోసుకుపోవడంకంటె, తేలికైనదీ విలువైనదీ అవతల నిజంగా అవసరమైనదీ అయిన వస్తువును ఎంచుకున్నారు. గమనించవలసినదేమంటే, ఆయన రెండు షరతులనూ కలిపే చెప్పారు. మనం మాత్రం మొదటిది పట్టుకొని రెండవది వదిలివేశాము. బీరువా ఖాళీ చేయడం మనకు తేలిక. అది అవతలివారికి మేలా అని అడిగేవారు లేరు.

సముద్రం మీదుగా సహాయం పంపడం తెలుగునాటికి కొత్తకాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవునుంచి ఎర్రసముద్రపు రేవులకు హజ్ యాత్రికులతోనూ సరుకులతోనూ ఓడలు సాగేవి. ఆ సముద్రంలో నిర్భయంగా పోవాలంటే పోర్చుగీసులు ఇచ్చే ‘కర్తాజ్’ అనే అనుమతి చీటీ ఉండవలసి వచ్చేది. సుల్తాన్ ఓడ అయినా పరాయివాని చీటీ లేనిదే కదలని రోజులవి. ఉత్తరాదిన అక్బర్ చక్రవర్తి 1576లో హజ్ బృందంతోపాటు ఆరు లక్షల రూపాయలను, పన్నెండువేల ఖిలత్‌లను హరమైన్ పేదలకోసం పంపాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే ఆ దానాల చుట్టూ చేరిన రద్దీవల్ల చిక్కులు కలుగుతున్నాయని ఒట్టోమన్ సుల్తాన్ మూడవ మురాద్ వాటిని ఆపవలసినదిగా ఉత్తరువులు పంపాడు. ఇందులో రాజకీయం లేదని ఎవరూ అనరు. కాని దాత వైభవం వేరు, పుచ్చుకొనే ఊరి తట్టుకొనే శక్తి వేరు అన్న సత్యం మాత్రం అందులో ఉన్నది.

ఇక హైదరాబాదు సంగతి. 1900లో సుల్తాన్ అబ్దుల్ హమీద్ హిజాజ్ రైలుమార్గానికి పూనుకొన్నప్పుడు ఇక్కడ చందాలు పోగుచేయడానికి ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు ఎంతో పాటుపడ్డారు. ఆ రైలు 1908లో మదీనా చేరింది. ఇక్కడివారు పట్టాలను మోసుకొనిపోలేదు, ధనమే పంపారు. అట్లే మక్కాలో నిజాం ప్రభువుల కాలంనాటి రుబాత్‌లు ఉన్నాయి. పూర్వపు హైదరాబాదు సంస్థాన ప్రాంతాలనుంచి, అనగా తెలంగాణతోబాటు నేడు కర్ణాటక, మహారాష్ట్రలలో కలిసిన జిల్లాలనుంచి, వెళ్ళే హాజీలకు చీట్లు తీసి వాటిలో ఉచిత వసతి కేటాయిస్తున్నారు. హరమ్ విస్తరణలో కొన్ని భవనాలు పోయినప్పటికీ ఆ వక్ఫ్ ఫలం అందుతూనే ఉన్నది. ఏ మూటా మోయకుండ, అవసరమున్న చోటనే నిలబెట్టిన సహాయం ఇది.

ధనం పంపినంత మాత్రాన అంతా సవ్యమని కూడ అనలేము. ఖిలాఫత్ ఉద్యమకాలంలో తుర్కీ సోదరులకోసం మన పేదలు సైతం నగలు ఒలిచి ఇచ్చారు. ఆ నిధిలో సుమారు 16 లక్షల రూపాయలు దానిని తన చేతిలో ఉంచుకున్న ఒక పెద్ద వర్తకుని వ్యాపారంలో చిక్కుకుపోయిన ఉదంతం 1920లలో బహిరంగ వివాదమయింది. మూట రేవులో కుళ్ళితే ధనం జేబులో కుళ్ళవచ్చు. కనుక లెక్క చూపడం అన్నది వస్తువుకైనా ధనానికైనా తప్పదు.

ఇప్పుడు నేటి ఓడ సంగతి చూద్దాము. హైదరాబాదుకు సముద్రం లేదు. ఇక్కడి సరుకు కంటెయినరులో సర్దుకొని, రైలుమీదనో లారీమీదనో ముంబయి సమీపంలోని నవషేవా వంటి రేవుకు చేరాలి. ప్రతి పెట్టెలో ఏమున్నదో జాబితా కావాలి. అడుగున పెట్టే చెక్కలకు పురుగు లేదన్న పత్రం కావాలి. అవతల సరుకు విడిపించుకొనే సంస్థ పేరు, అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలి. అది రాకపోతే రేవులో రోజుకింత చొప్పున అద్దె పెరుగుతూ పోతుంది. పాత బట్టల దిగుమతిని ఫిలిప్పీన్స్ 1966లోనే చట్టం చేసి నిషేధించింది. మన దేశంలోకే పాత బట్టలు రావాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. మనం లోపలికి రానివ్వని వస్తువును ఇతరులు కళ్ళకద్దుకొని తీసుకోవాలని ఆశించడం న్యాయమా? పైగా 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక అనేక ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రం చుట్టి పోవలసి వచ్చింది. మచిలీపట్నం ఓడకు కర్తాజ్ బెడద అయితే మన కాలపు ఓడకు ఇట్టి బెడదలు.

ధనం పంపడానికీ హద్దులున్నాయి. భారతదేశంలో నివసించే వ్యక్తి రిజర్వు బ్యాంకు సరళీకృత పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. కానుకలు, విరాళాలు కూడ అందులోకే వస్తాయి. కాని ఈ సౌకర్యం వ్యక్తులకే గాని ట్రస్టులకు లేదు. మసీదు కమిటీలు, సంఘాలు చందా పోగుచేసే ముందే ఈ సంగతి తెలుసుకోవాలి. పోగుచేసిన తరువాత దారి వెతకడం మనకు అలవాటైన తప్పు.

అనాలోచితంగా పంపిన సహాయం ఏమవుతుందో చూడండి. 1992-96 మధ్య బోస్నియా ముస్లింల కష్టకాలంలో లోకమంతటినుంచి మందులు వెళ్ళాయి. వాటిలో సుమారు 17,000 టన్నులు గడువు మీరినవో, పనికిరానివో అని వైద్య పరిశోధకులు తేల్చారు. వాటిని నిర్మూలించడమే ఒక పెద్ద ఖర్చయింది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల దానానికి నియమాలు ప్రకటించింది. దేశంలోకి చేరేనాటికి మందుకు కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలన్నది వాటిలో ఒకటి. 2004 సునామీ తరువాత నాగపట్నం ప్రాంతంలో రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్న దృశ్యం దేశమంతా చూసింది. సర్వస్వం కోల్పోయిన జాలరికుటుంబాలు కూడ వాటిని ముట్టలేదు. తమకు ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకొంటే తప్ప పుచ్చుకోలేని వస్తువును దానమివ్వరాదని దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా బోధిస్తున్నది. ఆ బోధ ఆనాడు ఎంతమందికి గుర్తుకు వచ్చిందో!

ఇందులో మరొక చిక్కు ఉన్నది. దానిని చాలామంది తలచుకోను కూడ తలచుకోరు. హనఫీ ధర్మశాస్త్రజ్ఞుల దృష్టిలో జకాత్ అంటే పేదవానికి ధనాన్ని సొంతం చేసి అప్పగించడం, అనగా తమ్లీక్. దాత తన తరఫున ఎవరికో అప్పగించిన జకాత్ పేదవాని చేతికి చేరకముందే నష్టమైపోతే, దాత బాధ్యత తీరలేదనే వారు చెబుతారు. అంటే జకాత్ సొమ్ముతో కొన్న సరుకు రేవులో మూలిగి పాడైపోతే, పేదవాడు నష్టపోవడమే గాక ఇచ్చినవాని మెడమీద జకాత్ బాకీ అట్లే నిలిచి ఉంటుంది. ఓడ కిరాయి సంగతీ ఇంతే. అది పేదవాని చేతికి రాదు. జకాత్ వసూలు, పంపిణీ చేసేవారికి ఖుర్‌ఆన్ కల్పించిన వాటాలో ఈ ఖర్చులను చేర్చవచ్చునని వాదించే పండితులు లేకపోలేదు. అయినా ఆ వాటా పేదల హక్కును మింగివేసేటంత పెద్దది కారాదు. కిరాయిని సాధారణ సదఖానుంచి ఇవ్వడమే నిస్సందేహమైన మార్గం.

వస్తువులు పంపడం ఎన్నడూ తగదని నా వాదం కాదు. ధనమున్నా కొనడానికి సరుకు లేని చోట వస్తువే శరణ్యం. గజాలో అదే జరిగింది. 2023 అక్టోబరు 22న భారత ప్రభుత్వం సుమారు 6.5 టన్నుల వైద్యసామగ్రిని, 32 టన్నుల సహాయసామగ్రిని విమానంలో ఈజిప్టులోని అల్ అరీష్‌కు పంపింది. కాని అక్కడినుంచి లోపలికి పోవడం సరిహద్దు ద్వారం మీదనే ఆధారపడింది. 2025 మార్చి 2 నుంచి పదకొండు వారాలపాటు ఆ ద్వారాలు పూర్తిగా మూసివేశారు. 2024లో అమెరికా సుమారు 23 కోట్ల డాలర్ల అంచనాతో గజా తీరాన కట్టిన తేలుడు రేవు పనిచేసింది సుమారు 20 రోజులే. అంతటి ప్రభుత్వమే అట్లా చేతులెత్తేసిన చోట మన మూటల మాట చెప్పాలా? ద్వారం మూసినవానిని నిలదీయవలసిన చోట మరిన్ని మూటలు కట్టడం మన మనశ్శాంతికే గాని ఆకలిగొన్నవానికి కాదు.

చక్కగా నడిచిన ఉదాహరణ కూడ ఉన్నది. హజ్ సమయంలో మినాలో బలి అయ్యే పశువుల మాంసం ఒకప్పుడు చాలావరకు వృథా అయ్యేది. 1983లో సౌదీ ప్రభుత్వం ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు నిర్వహణలో ఒక పథకం ప్రారంభించింది. మాంసాన్ని గడ్డకట్టించి హరమ్ పేదలకు పంచగా మిగిలినది అనేక దేశాల పేదలకు చేరవేస్తున్నారు. అక్కడ శీతలగిడ్డంగి ఉన్నది, పుచ్చుకొనే సంస్థ ముందే నిశ్చయమై ఉన్నది, ఖర్చు బలి రుసుములోనే కలిసి ఉన్నది. ముఆజ్ (రజి) గారి రెండు షరతులూ అందులో కనిపిస్తాయి.

చివరగా ఒక మాట. సముద్రం దాటి సహాయం పంపాలని మూటలు కట్టిన ఈ జిల్లాలోనే, బాలాపూర్ ప్రాంతంలో, బర్మానుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు గుడిసెలలో తలదాచుకొంటున్నాయి. వారికి ఓడ అక్కరలేదు, సుంకం లేదు, రేవు అద్దె లేదు. ఏమి కావాలో నోటితో అడిగి తెలుసుకోవచ్చు. హిదాయా గ్రంథకర్త సైతం జకాత్‌ను ఒక ఊరినుంచి మరొక ఊరికి తరలించడం అవాంఛనీయమన్నారు. దగ్గరి బంధువులకో, ఎక్కువ అవసరమున్నవారికో అయితే తప్ప. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరకే అనలేదు. దూరానవున్న కష్టానికి కన్నీరు తేలికగా వస్తుంది. పక్కవీధి కష్టానికి లేచి నడవవలసి వస్తుంది.

కనుక మసీదు కమిటీలకూ యువజన సంఘాలకూ నా విన్నపం ఇది. మూట కట్టకముందు అవతలివారిని అడగండి. సరుకు అక్కడే దొరికేటట్లయితే చట్టబద్ధంగా ధనం పంపండి. కిరాయి లెక్క ముందే తేల్చి, దానిని జకాత్‌లో కలపకండి. సరుకు పుచ్చుకొన్నవాని రసీదు చూపేవరకు పని ముగిసిందని ప్రకటించకండి. ఇరుగుపొరుగును దాటిపోయే ముందు ఒకసారి ఆగి చూడండి.

మన దానం ఓడకు గాక, అర్హునికి చేరేటట్లు అల్లాహ్ మనకు వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.