ఏం కొడతవ్, సారూ?

మేనల్లుడు ఈ వారం హైదరాబాద్ నుంచి ఒక విల్లు ఫొటో పంపాడు. నున్నగా మెరిసే చెక్క, పిడికి నల్లటి తోలు చుట్టు, నిలబెడితే మనిషంత పొడుగు. కింద ఒక్కటే ప్రశ్న: "మామా, 50 పౌండ్లది తీస్కుంటున్న. మంచిదే గదా?" మన ఇంటి పిల్లల్లో ఒకడికి విలువిద్య మీద మనసు పోయిందని కలిగిన సంబురం ఆ అంకె దగ్గర ఆగిపోయింది. ఎక్కువ బరువు విల్లు కొంటే పెద్ద విలుకాడు అవుతామనే భ్రమ ఈ ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్లను ఎట్లా పట్టుకుంటుందో చూస్తుంటే నాకు నిజంగానే కోపమొస్తుంది.

50 పౌండ్లంటే విల్లు తూకం కాదు. నారిని 28 అంగుళాలు వెనక్కి లాగి పట్టినప్పుడు మూడు వేళ్ల మీద పడే బరువు. మన లెక్కలో 22 కిలోల పైమాటే. దుకాణంలో ఒకసారి లాగి వదలడానికి ఎవరైనా లాగుతారు. లక్ష్యపు తట్టు ముందు నిలబడి పొద్దంతా లాగడం వేరు. కాసేపటికి భుజం వణుకుతుంది, నారి గదవ దాకా రాకముందే వేళ్లు జారిపోతాయి, బాణం తట్టుకు తగలకముందే కన్ను పక్కకు పోతుంది. ఒళ్లు అలసిపోయి నేర్చుకున్న ఈ తొందరపాటు, తర్వాత తేలిక విల్లు పట్టినా వదలదు. ఏళ్లు పడుతుంది దాన్ని విడిపించుకోవడానికి.

బరువు విల్లును మెచ్చుకునేవాళ్లు చెప్పే ముచ్చట ఒకటుంది. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకను 1982లో సముద్రం నుంచి పైకి తీశారు. అందులో చెక్కుచెదరని పొడుగు విల్లులు 137 దొరికాయి. వాటిలో చాలావాటికి లాగుడు బరువు 100 పౌండ్లకు పైనే అని పరిశీలించినవాళ్ల అంచనా. మనవాళ్లు ఈ ముచ్చట ఇంతవరకే చెప్పుకుంటారు. అదే నౌకలో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటికి భుజం ఎముకలు మామూలుగా లేవని, చిన్నతనం నుంచీ బరువు విల్లు లాగడమే అందుకు కారణమై ఉంటుందని కూడా పండితులు అన్నారు. ఎముక ఇంకా ముదరని వయసులో విల్లు పట్టినవాళ్లు వాళ్లు. మావాడు పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం ఒక్కపూట మైదానానికి పోయేవాడు.

వాడికి విల్లు కొత్త కాదనుకోండి. బడిలో ఉన్నప్పుడు ఇండియన్ రౌండ్ ఆడాడు. 50 మీటర్లు, 30 మీటర్లు, చేతిలో వెదురు విల్లు. మన దేశంలో చాలామంది విలుకాళ్లకు అదే అక్షరాభ్యాసం. ఇప్పుడు టీవీలో కనిపించే పోటీ విల్లులకు గురి చూసే పిన్ను, ఊగకుండా ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలు ఉంటాయి. కాంపౌండ్ విల్లుకైతే కప్పీలు కూడా. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ కాంపౌండ్‌తోనే. మన పక్కనే పెద్దపల్లి జిల్లా పిల్ల తానిపర్తి చికిత 2025లో 21 ఏళ్లలోపు ప్రపంచ విజేత అయింది, అదీ కాంపౌండ్‌లోనే. వాళ్లను చూసి గర్వపడతాను. మావాడికి మాత్రం ఆ హంగులేవీ వద్దట. వట్టి కర్ర, నారి, చెక్క బాణం, తన కన్ను. ఆ కోరిక నాకు అర్థమైంది.

వేములవాడవాడికి ఆ కోరిక రావడంలో వింతేముంది? కవి పంపడి పేరు ఎత్తకుండా ఈ కాలమ్ ఎక్కువ వారాలు గడవదని పాత పాఠకులకు తెలుసు. ఈసారి మాత్రం సందర్భమే నన్ను అక్కడికి నడిపించింది. రెండో అరికేసరి కొలువులో, ఈ ఊళ్లో, క్రీ.శ. 941 ప్రాంతంలో పంపడు కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు. భారత కథకు అర్జునుణ్ని నాయకుణ్ని చేసి, తన ఏలికను ఆ అర్జునుడిలోనే చూశాడు. తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో మన తెలుగు కందాలు ఉన్నాయని మురిసిపోయే మనం, అన్న రాసిన కావ్యానికి నాయకుడు ఒక విలుకాడని గుర్తుపెట్టుకోం. రాజన్న గుడికి కోడెను తోలుకొని వచ్చే వేలమందిలో, ఇది వెయ్యేళ్ల కింద గాండీవం కథ కన్నడ కావ్యమైన ఊరని ఎరిగినవాళ్లు ఎందరు? గుడి ముందటి బజార్లో పిల్లల కోసం అమ్మే కట్టె విల్లు చూసినప్పుడల్లా నాకు పంపడే గుర్తొస్తాడు.

అందుకే మావాడి ప్రశ్న చదవగానే నా పాత పట్టుదల ముందుకొచ్చింది. వస్తువు ఏదైనా దాన్ని చేసిన చేతి నుంచే కొనాలన్నది ఈ కాలమ్‌లో నేను ఎన్నిసార్లు రాశానో. కుండైనా, గొంగడైనా, నాగలైనా అంతే. ఎక్కడో దూరదేశంలో చెక్కపొరలూ గాజునార పొరలూ అతికించి చేసిన విల్లు వీడికెందుకు? ఉత్తరాన ఆదిలాబాద్ అడవి ఉంది, అందులో వెదురు ఉంది, తరతరాలుగా విల్లు వంచిన గోండులు, కోలాములు ఉన్నారు. "పోదాం పారా, ఉట్నూరు దిక్కు పోయి చేయించుకుందాం" అని రాసి పంపబోయాను. రాస్తుండగానే ఒక తాత కళ్లముందుకొచ్చాడు.

నేను ఉట్నూరు వైపు బడిపంతులుగా ఉన్న కాలం అది. గూడెంలో ఒక ముసలి గోండు ఇంటి అరుగు మీద కూర్చుని విల్లు చెక్కేవాడు. బడి విడిచిపెట్టాక నేను పోయి పక్కన కూర్చునేవాణ్ని. వెదురు ఎప్పుడు పడితే అప్పుడు కోయడు. వానలు వెనక్కిపోయి చలి ముదిరాక, కనీసం మూడేళ్లు నిలిచిన బొంగును చూసి కోస్తాడు. లేతదానిలో తీపి ఉంటుంది, పురుగు పడితే పిండి పిండి రాలుతుంది అనేవాడు. కోసినదాన్ని పొయ్యి మీది అటకలో పెట్టి నెలల తరబడి పొగ తాగనిచ్చేవాడు. మన అడవుల్లో బోలు తక్కువగా ఉండి లోపల కండపట్టిన వెదురు దొరుకుతుంది, ఆయనకు అదే కావాలి.

చీల్చిన బద్దను తొడ మీద పెట్టుకుని కత్తితో గీకుతుంటే ఒకటి గమనించాను. కత్తి ఎంతసేపూ లోపలి వైపే నడిచేది, పైతోలును ముట్టేది కాదు. అడిగితే, తోలు తెగితే విల్లు తెగినట్టే అన్నాడు. తర్వాత చదివి తెలుసుకున్నాను ఆయన మాటకు కారణం. వెదురులో బలమంతా నారలోదే, ఆ నారలు పైతోలు కిందనే దట్టంగా ఉంటాయి. విల్లు వంగినప్పుడు విలుకాడికి అవతలి వైపు సాగుతుంది, ఇవతలి వైపు నలుగుతుంది. సాగే వైపు నార తెగకుండా ఉంటేనే విల్లు బతుకుతుంది. కాసేపు గీకడం, మోకాలికి ఆనించి వంచడం, ఒక కన్ను మూసి రెండు కొమ్మలూ ఒకే తీరుగా వంగుతున్నాయా అని చూడడం, మళ్లీ గీకడం. తొందర ఎరగని పని. నారి కూడా సన్నగా చీల్చిన వెదురు బద్దే. బాణం మొన ఊరి కమ్మరి కొట్టి ఇచ్చిన ఇనుము.

విల్లు తయారైన రోజు నేను అడిగాను, "నాకిస్తవా తాతా?" అని.

"ఏం కొడతవ్, సారూ?"

"ఊకెనే. చెట్టుకు గురిపెట్టి కొడత."

ఆయన విల్లును నా ఎత్తుకు ఆనించి చూశాడు. నా చెయ్యి చాపించి, మోచేతి దాకా తన జానతో కొలిచాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇది నా చెయ్యికి చేసిన. రాత్రి చేను కాడ పంది పది అడుగుల మీదికి వస్తె కొట్టెటందుకు. చెట్టు యాడికి పోతది? దానికి ఇది వద్దు." ఎంత అడిగినా ఇయ్యలేదు. ఆ చీకటి చేను, ఆ పది అడుగులు, ఆయన చెయ్యి, మూడూ కలిసి ఆ విల్లు. అందులో ఏ ఒక్కటి తీసేసినా మిగిలేది వంచిన బద్ద.

మేనల్లుడికి రాయబోయిన ముక్కను చెరిపేశాను. లక్ష్యానికి కొట్టే ఆటలో కావలసింది మరొకటి. 30 మీటర్ల దూరంలో తట్టు, కదలదు, మీదికి రాదు. అక్కడ మొదటి బాణం ఎట్లా పోయిందో సాయంత్రపు చివరి బాణం కూడా అట్లాగే పోవాలి. ఒక్క బద్దతో చేసిన విల్లు వానాకాలం ఒక తీరు, ఎండాకాలం ఒక తీరు. ఎండలకు ఒక బలం, ముసురుకు ఒక బలం. చేను కాసే తాతకు ఆ తేడా లెక్కలోనిది కాదు. తట్టు మీద మాత్రం అది జానెడు ఎడం అవుతుంది. లింబారామ్ రాజస్థాన్ అడవి పల్లెలో వెదురు విల్లుతోనే పెరిగాడు. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌కు పోయినప్పుడు ఆ వెదురు విల్లు తీసుకుపోలేదు. అడవి నేర్పిన కన్ను తీసుకుపోయాడు, చేతిలో ఆటకు తగిన విల్లు పట్టాడు.

కాబట్టి, చేసిన చేతి నుంచే కొనాలని ఇన్నేళ్లు చెప్పిన నేను, ఈ ఒక్క వస్తువు దగ్గర మావాడికి చెప్పింది వేరు. లోపల వెదురో చెక్కో ఉండి, పైన గాజునార పొర అతికిన విల్లే తీసుకో. వానకూ ఎండకూ అది అంతగా మారదు. ఊళ్లు తిప్పేటప్పుడు వైశాఖంలో కారులో మాత్రం వదిలిపెట్టకు. రామగుండం ఎండల్లో తలుపు వేసిన కారులో జిగురు విడిపోతుంది, ఆ తర్వాత ఏ కంపెనీవాడూ దాన్ని బాగుచేయలేడు. బాణం లేకుండా నారి లాగి వదలకు, ఎవర్నీ వదలనీయకు.

ముందు కొలత. రెండు చేతులూ బార్లా చాపి, ఈ వేలి కొన నుంచి ఆ వేలి కొనకు ఎన్ని అంగుళాలో చూసి, రెండున్నరతో భాగించమన్నాను. 68 వచ్చింది, అంటే వాడి లాగుడు 27 అంగుళాల పైచిలుకు. ఆ లాగుడుకు 66 నుంచి 68 అంగుళాల విల్లు సరిపోతుంది. పొట్టి విల్లు చివర్లో ఒక్కసారిగా బిగుస్తుంది, నారి వేళ్లను నొక్కుతుంది. పొడుగుది మెత్తగా చివరిదాకా వస్తుంది. బరువు 28 అంగుళాల దగ్గర లెక్కగట్టి రాస్తారు కాబట్టి, అంగుళం తగ్గితే రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. 35 అని రాసి ఉన్నది వాడి చేతిలో 32, 33 అవుతుంది. చాలు. నారిని గదవ దాకా తెచ్చి, మాట్లాడుతూ పట్టుకోగలిగితే అది నీ బరువు. ఊపిరి బిగబట్టాల్సి వస్తే కాదు. సాదా వంపు విల్లు చేతిని కాస్త కొడుతుంది, విలుకాడి వైపు వంచి కొనలు ముందుకు మడిచిన కొమ్మలది నిమ్మళంగా వదులుతుంది. ఈ రెంటిలో ఏదో చేతికే తెలియాలి, అందుకే పోయి పట్టి చూసి కొనమన్నాను. నారి డాక్రాన్‌ది అడగమన్నాను. సిరిసిల్ల మరమగ్గాల మీద ఆడే పాలిస్టర్ జాతిదే అది. కాస్త సాగుతుంది కాబట్టి కొమ్మల చివరలను కొట్టదు.

"బరువు తగ్గించిన, పైసలు మిగిలినయ్. మంచి కేసు కొననా మామా?" అన్నాడు. కేసు కాదు, బాణాలు. గురి సగం బాణానిదే. వదలగానే బాణం నేరుగా పోదు. విల్లు పిడిని తప్పించుకోవడానికి పాములా వంగి, మళ్లీ సాగి, ఆ తర్వాత తిన్నగా పోతుంది. ఆ వంపు విల్లు బరువుకు సరిపోవాలి. కుడిచేతివాడికి మరీ బిర్రు బాణం ఎడమకు పోతుంది, మరీ మెత్తనిది కుడికి. డజను బాణాలు ఒకే బిగువు, ఒకే పొడుగు ఉండాలి, బరువులో అర గ్రాముకు మించి తేడా రాకూడదు. ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటే తప్పు చెయ్యిదో బాణానిదో ఎన్నటికీ తెలియదు. పిల్లలు ఈ ఆట విడిచిపెట్టేది ఇక్కడే. తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు, చేతిలో ఉన్న బాణాలు జత కానివి.

ఈ బాణాల దగ్గర నా పట్టుదల మళ్లీ లేచింది, దీన్ని మాత్రం వదలను. కణుపు ఎడం ఎక్కువున్న సన్న వెదురు పుల్లలను చలికాలంలో కోసి, పొగలో ఆరబెట్టి, నిప్పు సెగ మీద సాపు చేసి, ఒకే బిగువు ఉన్నవి డజను చొప్పున ఏరగల చేతులు ఆదిలాబాద్ గూడేల్లో ఇంకా ఉన్నాయి. తూకానికి బంగారం దుకాణం కాటా చాలు. బిగువు చూడటానికి 26 అంగుళాల ఎడంలో రెండు మేకుల మీద పుల్లను ఆనించి, నడుమ రెండు పౌండ్ల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో కొలవాలి. అది ఏ బడిలోనైనా ఒక పూటలో చేసుకునే సాధనం. మావాడికి 29 అంగుళాల పుల్లలు, 35 పౌండ్ల విల్లుకు సరిపోయేవి, రెండు డజన్లు కావాలి. ఇంద్రవెల్లి, జైనూరు, నార్నూరు వైపు పుల్లలు ఏరి అమ్మేవాళ్లెవరైనా పాఠకుల ఎరుకలో ఉంటే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. బేరం ఆడను, అడిగిన ధర ఇస్తాం.