సామర్థ్యాన్నిబట్టి విద్యార్థుల వర్గీకరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

ఒకే తరగతిలో కూర్చున్న పిల్లల్లో కొందరు కథ చదవగలరు. కొందరు పదం దగ్గరే ఆగిపోతారు. ఉపాధ్యాయుడు ఎవరిని దృష్టిలో ఉంచుకొని పాఠం చెప్పాలి? విద్యార్థులను సామర్థ్యాన్నిబట్టి విడదీయడం దీనికి సులభంగా తోచే పరిష్కారం. దీనిని సమర్థించేవారు బోధనా సౌలభ్యాన్నీ, వ్యతిరేకించేవారు సమానత్వాన్నీ ప్రమాణంగా చూపుతారు. అయితే విభజన మంచిదా చెడ్డదా అన్న రూపంలో సాగే చర్చ అసంపూర్ణం. కింది వర్గం నుంచి పైకి వెళ్ళే దారి తెరిచి ఉందా, ఆ వర్గానికి ఎలాంటి ఉపాధ్యాయుడు దక్కుతున్నాడు అన్న రెండు అంశాలే దాని మంచిచెడ్డలను నిర్ణయిస్తాయని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. బళ్లారి నివేదిక

మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశించిన విద్యా సర్వేలో భాగంగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో ఒక నివేదిక సమర్పించాడు. ధరంపాల్ 1983లో వెలువరించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ ద్వారా అది నేటి పరిశోధకులకు సుపరిచితం. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులు ఉండగా వాటిలో 226 తెలుగు బడులు. బడిలోని పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారనీ, శక్తినీ ప్రగతినీ అనుసరించి విద్యార్థి ఒక తరగతి నుంచి మరొకదానికి వెళ్ళేవాడనీ క్యాంబెల్ నమోదు చేశాడు.

ఈ వర్ణనలో విభజన ఉంది, కదలిక కూడా ఉంది. విద్యార్థి స్థానాన్ని నిర్ణయించేది అతడు నేర్చుకున్న పాఠం. అంతమాత్రాన వీధిబడిని ఆదర్శంగా కీర్తించడం తొందరపాటు అవుతుంది. కింది తరగతులు కొంతవరకు పెద్ద విద్యార్థుల అజమాయిషీలో ఉండగా, గురువు ప్రత్యక్ష పర్యవేక్షణ ముఖ్యంగా పైతరగతులకే లభించేదని అదే నివేదిక చెబుతున్నది. గురువు అవసరం ఎక్కువగా ఉన్నవారికే గురువు తక్కువగా అందాడు. పద్యాల భాష వాడుక భాషకు దూరంగా ఉండడంవల్ల పిల్లలు అర్థం తెలియకుండానే వల్లించేవారన్న క్యాంబెల్ పరిశీలన కూడా గమనార్హం. విద్యార్థి అశక్తతగా కనిపించేది ఒక్కొక్కసారి పాఠ్యభాష కల్పించిన అడ్డంకి కావచ్చు.

3. రెండు భిన్న ఫలితాలు

ఆధునిక కాలంలో ఈ పద్ధతి భిన్న ఫలితాలను ఇచ్చింది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని పాఠశాలల్లో అమలైన విభజన, పేద, నల్లజాతి విద్యార్థులపట్ల వివక్షగా పరిణమించిందని 1967లో హాబ్సన్–హాన్సెన్ వ్యాజ్యంలో న్యాయమూర్తి స్కెల్లీ రైట్ తీర్పునిచ్చాడు. తెల్లజాతి మధ్యతరగతి పిల్లలకు అనువైన పరీక్షలతో అందరినీ కొలవడం, కింది శ్రేణిలో పడినవారు పైకి రావడం అరుదు కావడం ఆ తీర్పులోని కీలకాంశాలు.

దీనికి భిన్నంగా డుఫ్లో, డుపా, క్రెమర్‌లు కెన్యాలోని 121 ప్రాథమిక పాఠశాలల్లో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ముందటి మార్కులనుబట్టి సెక్షన్లు చేసిన చోట పై, కింది సెక్షన్ల పిల్లలు ఇరువురూ లాభపడ్డారు. విభజన సమర్థకులు ఈ అధ్యయనాన్ని తరచుగా ఉదాహరిస్తారు. కాని అందులో ఏ సెక్షన్‌కు ఏ ఉపాధ్యాయుడన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారన్న సంగతిని విస్మరించరాదు. కింది సెక్షన్‌కు మిగిలిపోయిన ఉపాధ్యాయుణ్ణి కేటాయించే ఆనవాయితీ అక్కడ పనిచేయలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని వేరే పరిస్థితులకు యథాతథంగా వర్తింపజేయలేం.

4. నేటి తెలుగు తరగతిగది

తెలుగు రాష్ట్రాల్లో నేడు రెండు రకాల విభజనలు కనిపిస్తాయి. మొదటిది అభ్యసన స్థాయిని అనుసరించి బోధించడం. ప్రథమ్ సంస్థ రూపొందించిన పద్ధతిలో పిల్లలను రోజులో కొంతసేపు మాత్రమే చదవగల స్థాయినిబట్టి కూర్చోబెడతారు. స్థాయి మారితే బృందం మారుతుంది. తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కూడా ప్రాథమిక తరగతుల పిల్లల కనీస సామర్థ్యాలను లక్ష్యంగా చేసుకున్నదే. రెండవది ప్రైవేటు విద్యాసంస్థల్లో మార్కులనుబట్టి జరిగే సెక్షన్ల విభజన. ఇక్కడ ర్యాంకు తేగలవారి సెక్షన్‌కే పేరున్న అధ్యాపకులను కేటాయించడం సర్వసాధారణం. మొదటిది విద్యార్థి అవసరాన్ని కొలిస్తే, రెండవది సంస్థకు అతనివల్ల కలిగే ప్రయోజనాన్ని కొలుస్తుంది.

మొదటి రకం కూడా విమర్శకు అతీతం కాదు. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ మాట్లాడే బిడ్డను తెలుగు పఠన పరీక్షతో కొలిచి కింది బృందంలో చేరిస్తే, బళ్లారి నివేదిక సూచించిన భాషాసమస్యే మరో రూపంలో పునరావృతమవుతుంది.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘ఏకసంథాగ్రాహి’ అన్న మాట ఎన్ని సంథలకు పాఠం పట్టుబడిందో చెబుతుంది; అందులో గురువు చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. ‘మొద్దు’ అన్న మాట బిడ్డనే నిర్వచిస్తుంది. గురువు బాధ్యత అందులో మాయమవుతుంది. ‘కింది సెక్షన్’ అన్న పిలుపు స్థిరపడితే అదీ ఈ రెండవ కోవలోకే చేరుతుంది.

5. ముగింపు

విభజన అనివార్యమైన చోట మూడు నియమాలు పాటించాలి. ఒక నైపుణ్యంలోని వెనుకబాటును మొత్తం విద్యార్థికి ఆపాదించకూడదు. నిర్ణీత వ్యవధిలో పునఃపరిశీలన జరిపి, కింది బృందం నుంచి ఎందరు పైకి వచ్చారో నమోదు చేయాలి. అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుణ్ణి ముందుగా కింది బృందానికే కేటాయించాలి. ఈ మూడూ లోపించిన విభజన బోధనా పద్ధతి అనిపించుకోదు. బోధించవలసిన బాధ్యత నుంచి తప్పుకునే ఏర్పాటు మాత్రమే అవుతుంది.