ఓర్లాండోలో అద్దె స్కూటరు

అమెరికాలోని బిడ్డలయొద్దకు ప్రయాణమగు తెలుగు తల్లిదండ్రులకు, ముందుగా వెళ్ళివచ్చిన వియ్యాలవారో, ఇరుగుపొరుగువారో, ఫ్లోరిడా రాష్ట్రమునందలి వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను గూర్చి చెప్పక మానరు. అచటి కోట శిఖరములను గూర్చియు, రాత్రివేళ ఆకసమున విరియు బాణసంచాను గూర్చియు, మనుమలు పొందిన ఆనందమును గూర్చియు విస్తరించి చెప్పుదురు గాని, అచట ఎంత దూరము నడువవలసియుండునో చెప్పువారిని నేను చూడలేదు. ఈ విహారస్థలమును సంకల్పించిన వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో మరణింపగా, ఆయన అన్నగారైన రాయ్ డిస్నీ ఆ సంకల్పమును తలకెత్తుకొని 1971 అక్టోబరు 1వ తేదీన దాని ద్వారములను తెరపించి, మూడు నెలలు నిండకమునుపే తానును కన్నుమూసెను. ఆ సోదరులు ఓర్లాండో నగరమునకు నైరృతి దిశయందు చిత్తడినేలలలో సేకరించిన భూమి నూరు చదరపు కిలోమీటర్లకు పైమాట. అందులో నేడు నాలుగు మహోద్యానములు, వాటి నడుమ సరస్సులు, అడవులు, వసతిగృహములు, రాజమార్గములు కలవు.

ఈ విస్తీర్ణము సంగతి పటము చూచినవానికి తెలియదు, మోకాళ్ళకు తెలియును. ఆ నాలుగు ఉద్యానములలో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో పోయినవారు కారు దిగినచోటనుండి కోటను చేరుటకు, టికెట్ల కేంద్రమువఱకు ఒక ప్రయాణము, అచటనుండి సరస్సు దాటుటకు పడవపైనో మోనోరైలుపైనో మఱియొక ప్రయాణము చేయవలెను; ఇంతయు అసలు ద్వారమునకు ఈవలనే జరుగును. మఱియొక ఉద్యానమైన ఎప్‌కాట్‌లో పదునొకండు దేశముల మండపములు ఒక సరస్సు చుట్టును వరుసదీరి యుండును. ఆ ప్రదక్షిణమొక్కటియే రెండు కిలోమీటర్లు. ఉదయము ద్వారము తెరచినది మొదలు రాత్రి బాణసంచా ముగియువఱకు ఉన్నవారు పన్నెండు, పదునైదు కిలోమీటర్లు నడచుట అచట వింత గాదు. అలిపిరినుండి తిరుమలకు నడచి ఎక్కువారు మ్రొక్కుకొని, మనసును సిద్ధపఱచుకొని ఎక్కుదురు. ఇచట అంతకుమించిన దూరమును ఎవరికిని తెలియకుండ, సిమెంటునేలమీద, ఫ్లోరిడా ఎండలో, విహారమను పేర నడచెదరు.

ఇట్టిచోట వృద్ధులకు ఏమి జరుగునో నేను పలుమార్లు గమనించితిని. మధ్యాహ్నమగునప్పటికి ఏదో చెట్టునీడనున్న బల్లమీద ఒక తల్లియో తండ్రియో కుటుంబమువారి సంచులన్నియు చుట్టును పెట్టుకొని కూర్చుండి, "మీరు వెళ్ళి చూసి రండి, నేను ఇక్కడే ఉంటాను" అని నవ్వుచు పలుకుదురు. ఆ నవ్వులో అసత్యము లేదు. ఐనను, ఇరువది గంటలు విమానములలో కూర్చుండి, సముద్రములు దాటి, మనుమరాలి ముఖమున వెలుగు చూడవలెనని వచ్చినవారు ఆ వెలుగును సాయంకాలము ఫోనులోని చిత్రములలో చూడవలసివచ్చుట నాకు ఎన్నడును సమ్మతముగా తోచలేదు. ఆ బల్లమీదనుండి వారిని లేపగల సాధనము ఒకటి కలదు. దానిని అద్దెకు తెచ్చుకొను విధమును, నడుపు విధమును ఒక విద్యగా భావించి నేర్వవలెనని నా అభిప్రాయము.

మొబిలిటీ స్కూటరు అనునది నడక కష్టమైనవారు కూర్చుండి తామే నడుపుకొను విద్యుద్వాహనము. మిషిగన్ రాష్ట్రమున ప్లంబరు వృత్తియందుండిన ఆలన్ థీమ్ అనునతడు, మల్టిపుల్ స్క్లిరోసిస్ వ్యాధిచే నడక సన్నగిల్లిన తన ఇంటి మనిషి కొఱకు 1968లో ఇట్టి బండిని స్వయముగా నిర్మించి, దానికి 'అమీగో' అని పేరిడెను. చక్రముల కుర్చీ అప్పటికే కలదు. ఐనను ఇంటివారు త్రోయు కుర్చీలో కూర్చున్న మనిషి తాను ఎటు చూడవలెనో, ఎచట నిలువవలెనో త్రోయువాని దయకు వదలివేయవలెను. వెనుకనుండి త్రోయువానికి ముందున్నవారి కన్నులు కనబడవు. స్కూటరుపై కూర్చున్నవారి చేతిలో హ్యాండిలు ఉండును. పూలమొక్క కనబడిన ఆగుదురు, నచ్చని దుకాణమును దాటిపోవుదురు, మనుమడు పరుగెత్తినచో వెంబడింతురు. వృద్ధాప్యమున మనము మొదట పోగొట్టుకొనునది కాలి బలము గాదనియు, ఆగుటకును సాగుటకును మనకుండిన స్వేచ్ఛయనియు నేను నమ్మెదను. ఈ బండి తిరిగి ఇచ్చునది ఆ స్వేచ్ఛను.

ఐనను మనవారు దీనిని ఎక్కుటకు సంకోచింతురు. ఇందులో ఒక విచిత్రము కలదు. శంషాబాదు విమానాశ్రయమున అమెరికా ప్రయాణమునకు వచ్చిన అమ్మలు, నాన్నలు చక్రముల కుర్చీని ఏ బిడియమును లేక స్వీకరింతురు. మార్గమధ్యమున విమానము మాఱవలసిన పరదేశపు రేవులో దారిచూపు మనిషి దొరకుటకు అదియే ఉపాయమని ఇంటింటను తెలియును. అదే తల్లి ఓర్లాండోలో బిడ్డలయెదుట స్కూటరుమాట రాగానే వెనుదీయును. మా అమ్మాయి ఈ ప్రస్తావన తెచ్చినపుడు నా భార్య, "నాకేం, కాళ్ళు లేవా? నడవలేనని ఎవరన్నారు?" అని మాట తెగగొట్టెను. చదువుచెప్పిన పంతులమ్మ, తరగతిలో జీవితమంతయు నిలుచుండియే గడపిన మనిషి. మా అల్లుడు మాత్రము మెల్లగా, "నడవలేరని కాదు అత్తయ్యగారూ, మధ్యాహ్నం తరవాత కూడా మీరు మాతో ఉండాలని" అనెను. ఆ మాటతో ఆమె మెత్తబడెను. కాలిశక్తి నెల పద్దువంటిది. మొదటివారములోనే ఖర్చుపెట్టినచో చివరివారము ఇల్లు గడవదు. బండి ఎక్కుట నడకను త్యజించుట గాదు, నడకను ఏ పనికి దాచుకొనవలెనో నిర్ణయించుకొనుట.

అద్దెకు తెచ్చుకొనుటకు రెండు మార్గములు కలవు. పార్కు ద్వారముచెంత అచటివారే దినమునకు అద్దెకిత్తురు. కాని అవి ముందు వచ్చినవారికే దొరకును, ముందుగా నిలుపుకొనుటకు వీలులేదు, పద్దెనిమిదేండ్లు నిండనివారు నడుపరాదు, ఆ బండిని పార్కు వెలుపలికి తీసికొనిపోరాదు. ఈ కడపటి నియమమే ముఖ్యమైనది. ఏలయనగా, నేను పైన చెప్పిన దూరమున ఎంతో భాగము ద్వారమునకు వెలుపలనే యున్నది. గదినుండి బస్సువఱకు, బస్సునుండి ద్వారమువఱకు నడచి, మోకాళ్ళు పట్టివేసిన పిదప బండి ఎక్కుట, రాత్రి అలసట పరాకాష్ఠనందుకొన్న వేళ దానిని అప్పగించి తిరిగి నడచుట వివేకము గాదు. రెండవ మార్గము, ఊరిలోని అద్దెసంస్థలతో మాట్లాడుకొని బండిని బసకే తెప్పించుకొనుట. మొత్తము వారమునకు లెక్కించిన ఇదియే చవుక. బండి శయనగృహపు తలుపునుండి తిరిగి శయనగృహపు తలుపువఱకు తోడుండును. తెచ్చునపుడును, తీసికొనిపోవునపుడును మనము ఎదుట ఉండవలెనా, లేదా అను విషయమును మాత్రము ముందే అడిగి తెలిసికొనవలెను.

నడుపు విద్యను గూర్చి కొంత తీరికగా చెప్పెదను. ఈ బండ్లలో మూడుచక్రములవి ఇఱుకుమలుపులలో చక్కగా తిరుగును. నాలుగుచక్రములవి ఎగుడుదిగుడు నేలమీద స్థిరముగా నిలుచును. హ్యాండిలుమీద ఒక గుండ్రని మర, దాని ఒక కొసన తాబేలు బొమ్మ, రెండవ కొసన కుందేలు బొమ్మ. మరను త్రిప్పి వేగమును నిర్ణయింపవచ్చును. సాధారణముగా కుడిచేతి మీటను బొటనవ్రేలితో నొక్కిన ముందుకు, ఎడమచేతి మీటను నొక్కిన వెనుకకు పోవును. మీటను వదలిన బండి ఆగును. ఆ ఆగుటయే బ్రేకు. మనవారికి ఇచటనే చిక్కు వచ్చును. మోటారుసైకిలుపైనను, బజాజ్ స్కూటరుపైనను జీవితమంతయు తిరిగినవారి చేయి, భయమువేసినపుడు పిడికిలి బిగించుటకు అలవాటుపడినది. ఇచట పిడికిలి బిగించిన బండి ఎదుటివానిమీదికి దూకును, చేయి విప్పినచో నిలుచును. మాతో వచ్చిన మా బావమరిదికి, వాహనములు నడుపుటలో ఆఱితేరినవాడగుటచేతనే, ఈ అలవాటు వదలుటకు ప్రయాసమైనది. ఏనాడును వాహనము నడుపని నా భార్యకు మఱువవలసినది ఏమియు లేనందున తొందరగా పట్టువడినది. అందుచేత మొదటి అభ్యాసము ఖాళీస్థలమున, తాబేలు గుర్తువద్ద, జనులు లేనివేళ జరుగవలెను. వెనుకకు పోవుట, తలుపులో దూరుట, లిఫ్టులో తిరుగుట, ఈ మూడును వచ్చినవారికి మిగిలినది తనంత వచ్చును.

జనసమ్మర్దమున మఱియొక పాఠము కలదు. కూర్చున్న మనిషి నిలుచున్నవారి కంటికి ఆనడు. కన్నులెత్తి కోటనో ఫోనునో చూచుచు నడచువారు తటాలున ఎదుటికి వచ్చి ఆగుదురు. కావున కుటుంబమున ఒకరు బండికి రెండడుగులు ముందు నడచి దారి చేయుట మంచిది. పిల్లలు కాళ్ళమీద ఎక్కి కూర్చుండుట, అది ఎంత ముద్దుగా ఉన్నను, కూడదు. మ్యాజిక్ కింగ్‌డమ్ మొదటి వీథిలో గుఱ్ఱపుబండి నడచు పట్టాలు కలవు. వాటిని ఏటవాలుగా దాటినచో ముందు చక్రము సందులో చిక్కును గనుక సూటిగా అడ్డముగానే దాటవలెను. వాలులు ఎక్కునపుడును సూటిగానే ఎక్కవలెను. మధ్యాహ్నము ఉఱుములతో వాన కురియుట అచటి వేసవికి సహజము. వానకోటు మనకు ఒకటి, హ్యాండిలుమీది మీటలకు ఒకటి ఉండవలెను. రాత్రి ఎంత నిద్ర వచ్చినను ఛార్జరు తగిలింపక పడుకొనరాదు.

బస్సెక్కుట తొలిసారి భయము గొల్పును. డ్రైవరు ర్యాంపు దించును, బండివారిని ముందుగా ఎక్కించును, నిర్ణీతస్థలమున నిలిపినపిమ్మట పట్టెడలతో బిగించును. ఎక్కినవారు కావలసిన సీటులోనికి మాఱవచ్చును. 2019లో ఆరంభమైన స్కైలైనర్ అను తీగమార్గమున స్కూటరువారికి పెట్టె పూర్తిగా ఆగునట్టి ప్రత్యేకస్థలము కలదు. వినోదముల విషయమున మూడు విధములు: 'కెరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్' వంటివానిలో స్కూటరుపైనే యుండవచ్చును, 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' వంటివానిలో స్కూటరునుండి అచటివారిచ్చు చక్రముల కుర్చీకి మాఱి ప్రత్యేకమైన పడవలో పోవచ్చును, తక్కినవానిలో లేచి స్వయముగా సీటులోనికి పోవలెను. ఈ రెండు ప్రదర్శనములును 1964లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున పుట్టినవే. స్కూటరు ఉన్నవారు వరుసలేకుండ లోపలికి పోవుదురను అపోహ మనవారిలో కలదు. అది నిజము గాదు. చాలచోట్ల అందఱి వరుసయే వారి వరుస; భేదమొక్కటియే, వారు కూర్చుండి వేచియుందురు.

ఒకనాడు నా భార్య మనుమరాలితో చిత్రము తీయించుకొనుటకు బండి దిగి నిలిచినపుడు, మా వెనుకనున్న ఒక తెలుగు కుటుంబమువారు, మేము తెలుగువారమని యెఱుగక కాబోలు, "చక్కగా నడుస్తూనే ఉందే, బండెందుకు?" అని తమలో తాము అనుకొనిరి. ఆ మాట ఆమె వినెను. ఆనాడు తక్కిన సమయమంతయు దిగుటకు జంకెను. రెండు నిమిషములు నిలువగలుగుట వేఱు, పది కిలోమీటర్లు నడువగలుగుట వేఱు. కీళ్ళవాతము, గుండెజబ్బు, ఊపిరితిత్తుల బలహీనత, ఇవి ఏవియు నుదుట వ్రాసియుండవు. పరుల మోకాళ్ళ లోపల ఏమున్నదో తీర్పుచెప్పు అధికారము మనకెవ్వరికిని లేదు. అమెరికాలో 1990 జులై 26వ తేదీన వికలాంగుల హక్కుల చట్టముపై సంతకము జరిగినది. పండ్రెండడుగుల పొడవునకు ఒక అడుగు ఎత్తు మించని వాలులు, వెడల్పైన ద్వారములు ఆ చట్టము ఫలితములే. మన దేశమునను 2016లో అట్టి చట్టము వచ్చినది. చట్టము ర్యాంపు కట్టించును గాని, ఆ ర్యాంపుపై పోవువారివంక చూచు చూపును మార్చవలసినవారము మనమే.

సెలవులకు తల్లిదండ్రులను ఓర్లాండోకు తీసికొనిపోవు బిడ్డలకు నా మనవి ఇది. ప్రవేశపు టికెట్లు కొనుటకు ముందే స్కూటరు మాట ఎత్తుడు, పార్కు ద్వారమువద్ద అలసిపోయినపిదప గాదు. "నీవు నడవలేవు" అనకుడు. "మాతో ఉండు" అనుడు. బస తీసికొనునపుడు గది తలుపు వెడల్పును, బండి వెడల్పును సరిచూచుకొనుడు. చేరిన సాయంకాలమును అభ్యాసమునకు విడిచిపెట్టుడు. క్రిస్మసు దినములలోను, వసంతపు సెలవులలోను బండ్లకు గిరాకి మెండు గనుక, అద్దె మాటలు కొన్ని వారముల ముందుగనే ముగించుకొనుడు.