ఆకరనిర్దేశము

పద్యమునో శాసనవాక్యమునో యుదాహరించి తన సిద్ధాంతమును స్థాపింపఁబూనిన విమర్శకుఁడు పాఠకునితో నొక యొడంబడిక చేసికొన్నవాఁడగును. ఈ మాట యచ్చటఁ గలదు, సందేహమున్నచోఁ బోయి చూచుకొనవచ్చు ననుటయే యా యొడంబడిక. ఆ చోటు నిస్సందిగ్ధముగాఁ దెలుపుటయే యాకరనిర్దేశము. పరిశోధనపత్రికలకుఁ బంపఁబడు వ్యాసములలో నీ యంగము తఱచుగాఁ గడపటికి మిగిలిన చిల్లరపనిగా నెంచఁబడుచున్నది. సంక్షేపాక్షరములు, కుండలీకరణములు, బిందువులు నెట్లుండవలె నను చర్చయే దీని సర్వస్వమని కొందఱి తలంపు. ఆ సూచన ననుసరించి పోయిన పాఠకుఁ డుద్దిష్టస్థలమునకుఁ జేరునా చేరఁడా యనునదే దీనికిఁ బరీక్ష. తక్కినవన్నియు నీ ప్రయోజనమునకు లోఁబడినవి.

ఈ నియమము పాశ్చాత్యులవలన నేర్చినది గాదు. మెదకు మండలమందలి కొల్చారమునకు సంబంధించినవాఁడని చెప్పఁబడు మల్లినాథసూరి, మూలము లేనిదేదియు వ్రాయననియు, అపేక్షింపనిది చెప్పననియు వ్యాఖ్యారంభమునఁ బ్రతిజ్ఞ చేసియున్నాఁడు. అర్థమును స్థాపించునపుడు అమరమనియో, విశ్వమనియో కోశమును పేర్కొనుట యాయన పద్ధతి. అమరము కంఠస్థమైన శిష్యునకుఁ గోశనామమే చాలును. వేయి గ్రంథములు ముద్రితమై, యొక్కటియుఁ గంఠస్థము గాని కాలమునఁ బేరుమాత్రము చాలదు. నియమము మాఱలేదు, దానిని నెఱవేర్చుటకు వలసిన వివరము పెరిగినది.

పేరుమాత్రమైనను నిలిపినవారివలనఁ గలిగిన మేలు సామాన్యము గాదు. మడికి సింగన సకలనీతిసమ్మతమునఁ దాను గ్రహించిన నీతిగ్రంథముల పేళ్లు చెప్పుటచేతనే ముద్రామాత్యము వంటి కృతుల యునికి లోకమునకుఁ దెలిసినది. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమునఁ బద్యములతోఁ గవికృతినామములను జేర్చెను. అట్టి సంధానగ్రంథముల యాధారముననే 1918లో వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రబంధరత్నావళిని వెలువరించి, గ్రంథములు నశించిన కవులను మరల సాహిత్యచరిత్రములోనికిఁ దెచ్చెను. ఒక్క పేరు వ్రాయుటకు లేఖకుఁడు బద్ధకించియుండినచో నా కవులు రెండవమాఱు మరణించియుందురు. చాటుపద్యముల గతి యిందులకు విపర్యయము. ఆకరము లేక నోటనుండి నోటికి వచ్చుటచేత నొకే పద్యము పలువురు కవులకుఁ గట్టఁబడుచున్నది. ఆ కలహమును దీర్చు సాధనము లేదు.

నిఘంటువులలో నీ పద్ధతి క్రమముగాఁ బెరిగినది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము ప్రయోగమునకు గ్రంథమును, ఆశ్వాసమును జూపును. ప్రథమసంపుటము 1936లో వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు పద్యసంఖ్యనుగూడఁ జేర్చినది. వందలకొలఁది పద్యములుగల యాశ్వాసమున నొక మాటను వెదకినవారికే యీ చేర్పు విలువ తెలియును.

అయినను సంఖ్యయొక్కటియే శరణ్యము గాదు. నన్నయ రచన ముగియు తావని ప్రసిద్ధిఁగన్న శరద్రాత్రివర్ణనపద్యమును, ఆరణ్యపర్వము చతుర్థాశ్వాసమున 141వదని కొందఱును, 142వదని కొందఱును జూపుదురు. ఒక వచనమును వేఱుగా లెక్కించినను, ఒక పద్యమును బ్రక్షిప్తమని తొలఁగించినను, నటుపైని సంఖ్యలన్నియు జరుగును. కావున సంఖ్యతోఁ గూడ ముద్రణమును జెప్పక తప్పదు. భాగవత దశమస్కంధము పూర్వోత్తరభాగములుగా నుండి, రెంటను సంఖ్య మొదటినుండి ప్రారంభమగును. స్కంధమును సంఖ్యను మాత్రము చెప్పి భాగమును విడిచినచో నా సూచన రెండు పద్యములకుఁ జెల్లును. అనఁగా నొకదానికిని జెల్లదు. ద్విపదకావ్యములకు సామాన్యముగాఁ బద్యసంఖ్య యుండదు. రంగనాథరామాయణమునకుఁ గాండమును, బసవపురాణమునకు నాశ్వాసమును జూపి, ముద్రణమును బుటను దెల్పుటయే గతి.

సంక్షేపాక్షరముల విషయమున మితిమీఱిన పొదుపు హానికరము. "భా." యనఁగా భారతమా, భాగవతమా, భాస్కరరామాయణమా? "హరి." యనఁగా నెఱ్ఱన హరివంశమా, నాచన సోమన యుత్తరహరివంశమా, గౌరన హరిశ్చంద్రోపాఖ్యానమా? రెండక్షరములు మిగిల్చుటకై పాఠకునిచే మూఁడు గ్రంథములు తిరుగవేయించుట లాభము గాదు.

పాశ్చాత్యపద్ధతులను యథాతథముగా దించుకొనుటయు నంతే యనర్థకము. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయము 1906లోఁ బ్రకటించిన నియమగ్రంథము మొదలుగా, పాశ్చాత్యుల వంశనామము పేరు చివర నుండుటచే దానిని ముందునకుఁ దెచ్చి, కామాతో విడఁదీసి, యక్షరక్రమమున నుంచు నాచారము ప్రబలినది. తెలుఁగువారికి నింటిపేరు సహజముగానే ముందున్నది. వేదము వేంకటరాయశాస్త్రిని "శాస్త్రి, వేదము వేంకటరాయ" యని త్రిప్పినచో నింటిపేరు మఱుఁగుపడి, ప్రభాకరశాస్త్రియు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు నొక్క కుటుంబమువారివలె నొకచోటఁ జేరుదురు. తిరుపతి వేంకటకవులను రెండు ముక్కలు చేయుటయు నిట్టిదే. గ్రంథకర్త పేరును ముద్రణవత్సరమును మాత్రము చూపు పద్ధతి నవీనవిమర్శకుల రచనల కనుకూలమే. ప్రాచీనకావ్యములకు దానిని బట్టించినచోఁ బదునొకండవ శతాబ్దికవి ప్రక్క నిరువదవ శతాబ్దివత్సరము నిలుచును. కావ్యమునకుఁ గర్తృనామమును, కృతినామమును, ఆశ్వాసపద్యసంఖ్యలును ముందు చెప్పి, ముద్రణవివరమును వేఱుగాఁ జెప్పుట మేలు.

శాసనములకు సంపుటము, సంఖ్య, పంక్తి చూపవలయును. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనము ఎపిగ్రాఫియా ఇండికా నాలవ సంపుటమునఁ బ్రకటితమైనది, కాలము 1053. శకవర్షమో క్రీస్తుశకమో చెప్పక సంఖ్యను మాత్రము వ్రాసినచో డెబ్బదియెనిమిదేండ్ల భ్రాంతి కలుగును. తాళపత్రప్రతులకు భాండాగారనామము, పట్టికలోని సంఖ్య, పత్రసంఖ్య, పత్రమున నే ప్రక్కయో యనునదియు నావశ్యకములు.

వీని యన్నిఁటికంటెఁ బెద్దదోషము చూడని గ్రంథమును జూచినట్లు చూపుట. సూర్యరాయాంధ్రనిఘంటువునుండి ప్రయోగము నెత్తి, నిఘంటువును మఱుఁగుపఱచి మూలకావ్యమునే యాకరముగా వ్రాయుట యిందులకు నిదర్శనము. నిఘంటువున నొక సంఖ్య తప్పుగా ముద్రితమైనచో నా తప్పు పది వ్యాసములలోఁ బది సాక్ష్యములై కనఁబడును. నిజమునకు సాక్షి యొక్కఁడే. నిఘంటువున నుదాహృతమని చెప్పుటచే వ్యాసకర్త గౌరవమునకు లోప మేమియు లేదు. పరీక్షింపఁదగిన చోటు పాఠకునకుఁ దెలియును.

ఇన్ని వివరములు వ్యాసధారకు నడ్డమగునను నాక్షేప మొకటి కలదు. అవి పుట యడుగుననో, వ్యాసాంతముననో నుండవచ్చును. స్థానమునుగూర్చి పత్రికలకు స్వాతంత్ర్యము గలదు. ఏ పద్ధతి నవలంబించినను నాద్యంత మొక్కటిగా నుండుటయు, సంక్షేపముల పట్టిక యొకటి వ్యాసముతోఁ జేరుటయు ముఖ్యము. వ్రాఁతప్రతిని బంపుటకు ముందు, వ్యాసకర్త గాక మఱియొకరు వ్యాసమందలి సూచనలలోఁ బదింటిని మాత్రము గైకొని గ్రంథములను దెఱచి చూచినచో, దాని బలాబలములు చాలవఱకు బయటపడును. పాఠశాలలయందుఁ బండితులు విద్యార్థులచే వ్యాసములు వ్రాయించునపు డీ పరీక్షను వారిచేతనే పరస్పరము చేయించుట యుక్తము.